‘ఏ పేరైతేనేం, ఎక్కడుంటేనేం’ అనే వాదన చెల్లదు

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో బాగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. కంపైలర్, ఇంటర్‌ప్రెటర్, డీబగ్గర్ లాంటి డెవలపర్ టూల్స్‌కి ఆపరేటింగ్ సిస్టమ్ ఏ పేరు పెట్టింది, వాటిని ఏ డైరెక్టరీలో ఉంచింది అన్నది పట్టించుకోవాల్సిన విషయం కాదని. టూల్ సరిగ్గా పనిచేస్తే చాలు, తక్కినదంతా ఎవరి ఇష్టం వాళ్లదని. ఎవరైనా గట్టిగా అడిగితే ‘పాత్ సెట్ చేసుకో’ అనే మాటతో చర్చ ముగిసిపోతుంది.

ఆ వాదనను ఎక్కడా తగ్గించకుండా ముందు చెప్తాను. టూల్స్ వాడేది పని తెలిసినవాళ్లు. వడ్రంగి తన సంచిలో ఉలిని ఏ అరలో పెట్టుకోవాలో ఎవరూ శాసించరు, ప్రోగ్రామర్ విషయమూ అంతే. పాత్ అనే వేరియబుల్ ఉన్నదే అందుకు. పేరు నచ్చకపోతే ఎలియాస్ పెట్టుకోవచ్చు. దొరక్కపోతే వెతుక్కోవచ్చు. ఏదీ కుదరకపోతే కంటైనర్ ఉంది. అందరికీ ఒకే పేరు, ఒకే చోటు అని నియమం పెడితే స్వేచ్ఛ పోతుంది. పాత పేర్లు మారిస్తే ఏళ్లుగా నడుస్తున్న స్క్రిప్టులు ఆగిపోతాయి. ఇవి అనుభవం లేనివాళ్ల మాటలు కావు, దశాబ్దాలుగా సర్వర్లు నడిపినవాళ్లూ ఇదే అంటారు. అయినా వీటిలో ఒక్కటీ పూర్తిగా పరీక్షకు నిలవదు.

1. టూల్‌ను పిలిచేది మనిషి ఒక్కడే కాదు

వడ్రంగి పోలిక దగ్గరే వాదన తప్పుదారి పట్టింది. ఉలి అర మారితే వడ్రంగి కళ్లతో చూసి తీసుకుంటాడు. కంపైలర్‌ను ఎక్కువసార్లు పిలిచేది మనిషి కాదు. మేక్‌ఫైలు పిలుస్తుంది, ఎడిటర్ పిలుస్తుంది, అర్ధరాత్రి ఎవరూ చూడని వేళ నడిచే టెస్ట్ సర్వర్ పిలుస్తుంది. వాటికి తెలిసింది తమలో రాసిపెట్టిన పేరొక్కటే. ఆ పేరుతో ఏమీ లేకపోతే ఆగిపోతాయి. అదే పేరుతో ఇంకేదో ఉంటే ఆగకుండా తప్పు పని చేసుకుంటూ పోతాయి.

నోడ్ జేఎస్ డెబియన్ లినక్స్‌లో పడ్డ పాట్లు దీనికి మంచి సాక్ష్యం. హామ్ రేడియో వాళ్లు వాడే ఒక చిన్న ప్రోగ్రామ్ డెబియన్‌లో అప్పటికే ‘నోడ్’ అనే పేరుతో ఉంది. తర్వాత జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్ వచ్చింది. దాని ప్రోగ్రామ్ పేరూ ‘నోడ్’. వేర్వేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే పేరుతో ఉండకూడదన్నది డెబియన్ నియమం. రెండు పక్షాలకూ రాజీ కుదరకపోతే ఇద్దరూ పేరు మార్చుకోవాలి. 2012లో గొడవ డెబియన్ సాంకేతిక కమిటీ దాకా వెళ్లింది. చివరికి అక్కడ నోడ్ జేఎస్ ప్రోగ్రామ్ పేరు ‘నోడ్‌జేఎస్’ అయింది. ప్రపంచమంతా రాసుకున్న స్క్రిప్టులు మాత్రం మొదటి వరుసలో ‘నోడ్’నే పిలుస్తున్నాయి. దాంతో టూల్ ఇన్‌స్టాల్ అయి ఉన్న మెషీన్ మీదే ‘నోడ్: అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు’ అన్న ఎర్రర్ ఏళ్ల తరబడి వచ్చింది. దాన్ని వదిలించుకోవడానికి ‘నోడ్‌జేఎస్-లెగసీ’ అనే మరో ప్యాకేజీ వేసుకోవాల్సి వచ్చింది. ఆ ప్యాకేజీ చేసే పనల్లా ‘నోడ్’ అనే లింకు ఒకటి పెట్టడం.

ఇందులో డెబియన్ నియమాన్ని నేను తప్పుపట్టను. ఒక పేరుకు ఒకే అర్థం ఉండాలన్న పట్టుదల సరైనదే. తప్పు అంతకుముందే జరిగింది. ఒక చిన్న సాధారణ పదాన్ని ఎంచుకునేటప్పుడు, అది ఇప్పటికే ఎవరిదైనా అయి ఉందా అని చూసే అలవాటు లేకపోవడమే ఆ తప్పు. ఆ అలవాటు ఇప్పటికీ రాలేదు. అందుకే ‘బ్యాట్’ అనే టూల్ డెబియన్‌లో ‘బ్యాట్‌క్యాట్’ అయింది, ‘ఎఫ్‌డీ’ కాస్తా ‘ఎఫ్‌డీఫైండ్’ అయింది. ఆ టూల్స్ గురించి రాసిన చాలా పాఠాలు ఉబుంటులో ఉన్నదున్నట్టు నడవవు. పేరు నిజంగా లెక్కలోకి రాని విషయమైతే, ఒక్క పేరు కోసం ఒక ప్యాకేజీ, ఒక కమిటీ నిర్ణయం అవసరమయ్యేవి కావు.

2. ‘పాత్ సెట్ చేసుకో’ అంటే, ఆ బరువు మోసేది ఎవరు?

వరంగల్లోనో కాకినాడలోనో ఇంజినీరింగ్ మొదటి ఏడాది ల్యాబ్‌ను తీసుకోండి. బోర్డు మీద ఒకే కమాండ్ ఉంటుంది: ‘పైథాన్’, పక్కన ఫైలు పేరు. విండోస్ ల్యాప్‌టాప్ తెచ్చుకున్న విద్యార్థి ఇంకా పైథాన్ వేసుకోకుండా ఉత్త ‘పైథాన్’ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లో ఈ ఏర్పాటు ఉంది. పైథాన్ పాత తరహా ఇన్‌స్టాలర్‌తో వేసుకుంటే, పాత్‌లో చేర్చమనే గడిలో టిక్ మామూలుగా ఉండదు. దాన్ని గమనించనివాళ్లకు ఇన్‌స్టాల్ అయినా కమాండ్ దొరకదు. ఉబుంటు 20.04 గానీ ఆ తర్వాతది గానీ ఉన్న విద్యార్థికి ‘పైథాన్’ అనే కమాండే లేదు, ‘పైథాన్3’ మాత్రమే ఉంది. మ్యాక్‌లో 2022 మార్చి దాకా ‘పైథాన్’ అంటే పాత 2.7 వచ్చేది, 12.3 వెర్షన్‌తో అదీ పోయింది. ఆర్చ్ లినక్స్‌లో మాత్రం 2010 అక్టోబరు నుంచే ‘పైథాన్’ అంటే పైథాన్ 3. పోనీ బోర్డు మీద ‘పైథాన్3’ అని రాద్దామా అంటే, విండోస్‌కి ఇచ్చిన ఆ పాత తరహా ఇన్‌స్టాలర్ ఆ పేరుతో ప్రోగ్రామే పెట్టదు, ‘పీవై’ అనే ఇంకో పేరు పెడుతుంది.

ఒకే భాష, ఒకే పాఠం, ఒకే గది. అందరి దగ్గరా నడిచే కమాండ్ ఒక్కటీ లేదు. 2011లో పైథాన్ వాళ్ల నుంచి వచ్చిన పెప్ 394 అనే పత్రం ఈ చిక్కును తేల్చాలని చూసి, ‘పైథాన్’ అంటే పైథాన్ 2 అనుకోమని పంపిణీదారులకు సిఫారసు చేసింది. అప్పటికే ఆర్చ్ ఎదురు దారి పట్టింది. ఆ తర్వాత పత్రాన్నే సవరించి నిర్ణయాన్ని పంపిణీదారులకు వదిలేశారు. అంటే ఎవరూ తేల్చలేదు. ఉబుంటులో ‘పైథాన్-ఈజ్-పైథాన్3’ అనే పేరుతోనే ఒక ప్యాకేజీ ఉంది. నోడ్ విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది.

అనుభవజ్ఞుడికి ఇది రెండు నిమిషాల పని. నిజమే. కానీ ఆ రెండు నిమిషాలు అతనికి ఎలా వచ్చాయి? పాత్ అంటే ఏమిటో, అందులో ముందున్న డైరెక్టరీయే ఎందుకు గెలుస్తుందో, టెర్మినల్ మూసి తెరిస్తే గానీ మార్పు ఎందుకు కనిపించదో పదేళ్ల కిందట అతను నేర్చుకున్నాడు. మొదటి ప్రోగ్రామ్ రాయడానికి కూర్చున్న పిల్లకు ఇవేవీ తెలియవు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లైతే ఇంగ్లీషులో వచ్చే ఎర్రర్‌ను అర్థం చేసుకోవడం అదనపు పని. లూప్ అంటే ఏమిటో నేర్చుకోవాల్సిన గంట ఇన్‌స్టలేషన్‌కే పోతుంది. ‘ఇది నా వల్ల అయ్యే పని కాదేమో’ అన్న భయం చాలామందిలో మొదలయ్యేది ప్రోగ్రామింగ్ దగ్గర కాదు, దానికి ముందున్న ఈ గడప దగ్గర. ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు ఒక్కసారి తీసుకోవాల్సిన నిర్ణయాన్ని తప్పించుకుంటే, ఆ బరువు లక్షలమంది నెత్తిన పడుతుంది. వాళ్లలో అందరికంటే ఎక్కువ మోసేది అందరికంటే తక్కువ తెలిసినవాళ్లు.

నష్టం అక్కడితో ఆగదు. ఒకే మెషీన్‌లో మూడు పైథాన్లు చేరాక, ప్యాకేజీలు తెచ్చే ‘పిప్’ టూల్ వాటిలో దేనికి సంబంధించిందో తెలియక అడ్మినిస్ట్రేటర్ హక్కులతో ప్యాకేజీలు వేసేవాళ్లు. అవి వెళ్లి సిస్టమ్ సొంతంగా వాడుకునే పైథాన్‌తో కలిసిపోయేవి, సిస్టమ్ టూల్సే పాడయ్యేవి. చివరికి దీన్ని ఆపడానికి పెప్ 668 అనే మరో పత్రం వచ్చింది. 2023లో విడుదలైన డెబియన్ 12 నుంచి పిప్ అలాంటి ఇన్‌స్టలేషన్‌ను నేరుగా తిరస్కరిస్తోంది. సిస్టమ్‌ది ఎక్కడ, వాడుకరిది ఎక్కడ అన్న గీత మొదట్లోనే గీసి ఉంటే ఈ తాళం అవసరమయ్యేది కాదు.

3. వెతకడానికి కూడా స్థిరమైన చోటు కావాలి

‘ఎక్కడున్నా వెతుక్కోవచ్చు’ అనేవాళ్లు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: వెతికే టూల్‌ను ఎక్కడ వెతకాలి?

విజువల్ స్టూడియో 2017 నుంచి ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఎన్నో కాపీలు ఉండొచ్చు. వెర్షన్, ఎడిషన్ మారితే ఫోల్డర్ మారుతుంది. 2022 వెర్షన్ 64 బిట్‌కు మారాక దాని ఇల్లే 32 బిట్ ప్రోగ్రామ్ ఫైల్స్ నుంచి 64 బిట్ ప్రోగ్రామ్ ఫైల్స్‌కి మారింది. మరి బిల్డ్ స్క్రిప్టు కంపైలర్‌ను ఎలా కనుక్కోవాలి? అందుకోసం మైక్రోసాఫ్ట్ ‘వీఎస్‌వేర్’ అనే టూల్ ఇచ్చింది. ఆ టూల్ మాత్రం ఎప్పుడూ ఒకే చోట, ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌లో ఉంటుందని హామీ ఇచ్చింది. చోటు ముఖ్యం కాదన్న సిద్ధాంతం ఇక్కడే కూలిపోయింది.

యాపిల్ కథా ఇదే. ఒకప్పుడు డెవలపర్ టూల్స్ అన్నీ డిస్క్ మొదట్లోనే ‘/డెవలపర్’ అనే డైరెక్టరీలో ఉండేవి. 2012లో ఎక్స్‌కోడ్ 4.3తో ఆ డైరెక్టరీ పోయి, అంతా ఎక్స్‌కోడ్ యాప్ కడుపులోకి వెళ్లింది. అసలు టూల్స్‌ను వెతికి పెట్టడానికి ‘ఎక్స్‌కోడ్-సెలెక్ట్’, ‘ఎక్స్‌సీరన్’ మీద ఆధారపడాలి. ఆ రెండూ ఉండేది ‘/యూఎస్ఆర్/బిన్’లో, ఎప్పటికీ కదలని చోట.

నిక్స్‌ఓఎస్‌ను చూడండి. డైరెక్టరీల సంప్రదాయాన్ని దాదాపు పూర్తిగా వదిలేసిన లినక్స్ అది. అయినా ‘/బిన్/ఎస్‌హెచ్’, ‘/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్’ అనే రెంటిని అలాగే ఉంచింది. వాటిని తీసేస్తే ప్రపంచంలోని స్క్రిప్టుల మొదటి వరుసే అక్కడ నడవదు. అన్ని నియమాలనూ కాదన్నవాళ్లకు కూడా ఈ రెండు చిరునామాలు తప్పలేదు.

ఆండ్రాయిడ్‌ది ఇంకో పాఠం. 2010 డిసెంబరులో ‘ఏడీబీ’ అనే డీబగ్గింగ్ టూల్‌ను ‘టూల్స్’ ఫోల్డర్ నుంచి ‘ప్లాట్‌ఫామ్-టూల్స్’ ఫోల్డర్‌కి మార్చారు. పాత చోట ఏడీబీ ఇల్లు మారిందని చెప్పే టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టారు. మనిషికి అది మర్యాదే. స్క్రిప్టు దాన్ని చదవదు. పాత చోట లింకు ఉంచి ఉంటే ఆ చీటీ అవసరమే ఉండేది కాదు.

4. కంటైనర్ సమస్యను తీర్చలేదు, లోపలికి తీసుకెళ్లింది

డాకర్‌ఫైలు మొదటి వరుసలోనే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద కడుతున్నామో చెప్పాలి. రెండో వరుస నుంచి ఆ సిస్టమ్ పేర్లే. డెబియన్‌లో కంపైలర్ల మూట పేరు ‘బిల్డ్-ఎసెన్షియల్’, ఆల్పైన్‌లో ‘బిల్డ్-బేస్’. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ హెడర్ల ప్యాకేజీ డెబియన్‌లో ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్’, ఫెడోరాలో ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవెల్’. ఇమేజ్ చిన్నదవుతుందని డెబియన్ నుంచి ఆల్పైన్‌కి మారినవాళ్లందరికీ తెలుసు, మొదట విరిగేది ఈ వరుసలే. ఆల్పైన్‌లో బ్యాష్ కూడా ముందుగా ఉండదు. కంటైనర్లు అంతగా పనికొచ్చాయంటే కారణం, లోపల ప్రతిదీ తెలిసిన పేరుతో తెలిసిన చోట ఉంటుందన్న నమ్మకం. నేను సిస్టమ్ మొత్తానికి అడుగుతున్నదీ అదే.

ఏఐని అడిగితే చెప్తుందన్నది ఇదే వాదనకు కొత్త రూపం. అది చెప్పేది జనం ఇదివరకు రాసినదాన్ని బట్టి. ఆ రాసినదాంట్లోనే ఒక టూల్‌కి నాలుగు పేర్లు, మూడు చోట్లు ఉన్నాయి.

5. స్వేచ్ఛ పేరుతో చెప్పేది అసలు స్వేచ్ఛ కాదు

అందరినీ మెప్పించాలని చూసిన సిస్టమ్ సోలారిస్. సిస్టమ్ ఫైవ్ వాళ్లకు ‘/యూఎస్ఆర్/బిన్’, బర్క్‌లీ యూనిక్స్‌కి అలవాటుపడ్డవాళ్లకు ‘/యూఎస్ఆర్/యూసీబీ’, ప్రమాణాలు పాటించేవాళ్లకు ‘/యూఎస్ఆర్/ఎక్స్‌పీజీ4/బిన్’. మేక్, లింకర్ లాంటి బిల్డ్ టూల్స్ మాత్రం ‘/యూఎస్ఆర్/సీసీఎస్/బిన్’లో. కొత్తవాడు ‘సీసీ’ అని కొడితే, పాత్‌లో యూసీబీ ముందుంటే, ‘లాంగ్వేజ్ ఆప్షనల్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాలేదు’ అన్న జవాబు వచ్చేది. కంపైలర్ ఉందా లేదా, ఉంటే ఎక్కడ, ఏ ప్యాకేజీ తెచ్చుకోవాలి, ఏదీ ఆ వాక్యం చెప్పదు. అక్కడ ఒక తరం యూనిక్స్ ప్రోగ్రామర్ల జీవితం పాత్ వరుసను సరిదిద్దుకోవడంతో గడిచింది. నాలుగు చోట్లు ఉండటం వల్ల ఎవరి స్వేచ్ఛా పెరగలేదు.

నియమం ఉంటే వైవిధ్యం చచ్చిపోతుందన్న భయానికి జవాబు క్రాస్ కంపైలర్ల పేర్లలో ఉంది. గ్నూ పద్ధతిలో ఆ పేరు ముందు ప్రాసెసర్, తర్వాత సిస్టమ్, చివర టూల్: ‘ఏఆర్క్64-లినక్స్-గ్నూ-జీసీసీ’. లింకర్ కావాలంటే అదే ముందుభాగం పెట్టి చివర ‘ఎల్‌డీ’ అంటే చాలు. విండోస్ కోసం, రాస్‌ప్బెర్రీ పై కోసం, ఆపరేటింగ్ సిస్టమే లేని మైక్రోకంట్రోలర్ కోసం డజను కంపైలర్లు ఒకే డైరెక్టరీలో గొడవపడకుండా ఉంటాయి. కాన్ఫిగర్ స్క్రిప్టుకు ఆ ముందుభాగం ఒక్కటి చెప్తే తక్కినవన్నీ అదే కనుక్కుంటుంది. ఎన్ని రకాలున్నా, చూడని పేరును కూడా ముందే ఊహించగలుగుతాం. ప్రోగ్రామర్‌కు పనికొచ్చే స్వేచ్ఛ ఇది.

చోటు విషయంలో ఫ్రీబీఎస్‌డీ పాటించే గీత స్పష్టమైనది. సిస్టమ్‌తో వచ్చినవి ‘/యూఎస్ఆర్/బిన్’ లాంటి చోట్ల, తర్వాత మనం వేసుకున్నవి ‘/యూఎస్ఆర్/లోకల్’ కింద. డైరెక్టరీల అమరిక అంతా ‘హైయర్’ అనే మాన్యువల్ పేజీలో రాసి ఉంటుంది. అలవాటు లేనివాళ్లకు బ్యాష్ ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్’లో ఉండటం మొదట చికాకు పెడుతుంది. కానీ కారణం ఒక్కసారి తెలిస్తే, తర్వాత వేసుకునే ప్రతి ప్యాకేజీ ఎక్కడుంటుందో అడగకుండానే చెప్పగలరు.

6. ‘మారిస్తే విరుగుతుంది’ అన్నది మార్చే పద్ధతిని బట్టి ఉంటుంది

ఇది వాళ్ల వాదనల్లో బలమైనది, పూర్తిగా కొట్టిపారేయను. మ్యాక్‌లో ప్యాకేజీలు వేసే హోంబ్రూ, యాపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌ల కోసం తన చోటును ‘/యూఎస్ఆర్/లోకల్’ నుంచి ‘/ఆప్ట్/హోంబ్రూ’కి మార్చినప్పుడు, పాత చోటును నేరుగా రాసుకున్న బిల్డ్ ఫైళ్లు కొత్త మెషీన్ల మీద విరిగాయి. కానీ ఇంతకంటే చాలా పెద్ద మార్పు పెద్ద చప్పుడు లేకుండా జరిగిన ఉదాహరణ మన ముందుంది. ‘/బిన్’, ‘/యూఎస్ఆర్/బిన్’ అని రెండుగా ఉన్న చోటును 2012లో ఫెడోరా 17 ఒకటి చేసింది. ‘/బిన్’ను తీసేయకుండా లింకుగా ఉంచింది. దాంతో ‘/బిన్’ను పిలిచే పాత స్క్రిప్టులన్నీ అలాగే నడిచాయి. డెబియన్‌లో దీనికి ఏళ్లు పట్టింది, వాదోపవాదాలు నడిచాయి, 2023లో డెబియన్ 12తో అది తప్పనిసరి అయింది. పాత పేరును బతకనిస్తూ కొత్త అమరిక తేవడం సాధ్యమే. దానికి కావాల్సింది ఓపిక, ఒక లింకు, గడువు తేదీ.

విరిగేది మార్పు వల్ల అనేవాళ్లు ఇంకో లెక్క కూడా చూడాలి. మార్చకుండా వదిలేసినందుకు ప్రతి కొత్త ప్రాజెక్టులో, ప్రతి ల్యాబ్‌లో, ప్రతి కొత్త ఉద్యోగి మొదటి వారంలో విరుగుతున్నదాన్ని ఎవరూ బగ్‌గా నమోదు చేయడం లేదు. అది లెక్కలోకి రాకపోవడం వల్లే మార్పు ఖరీదైనదిగా, స్తబ్ధత ఉచితంగా కనిపిస్తున్నాయి.

కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌లు, లినక్స్ పంపిణీలు తయారుచేసేవాళ్లు ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక టూల్‌కి అది తయారైన చోట ఉన్న పేరే అన్ని సిస్టమ్‌లలో ఉండాలి, వెర్షన్ అంకె ఉన్న పేరు దానికి తోడుగా ఉండాలి. సిస్టమ్ వాడుకునేదీ మనం వేసుకునేదీ వేర్వేరు చోట్ల ఉండాలి, ఆ గీత ఎక్కడుందో సిస్టమ్‌తో వచ్చే మాన్యువల్‌లోనే రాయాలి. పేరో చోటో మారిస్తే పాతదాన్ని కనీసం రెండు పెద్ద విడుదలల దాకా లింకుగా ఉంచాలి. కమాండ్ దొరకనప్పుడు ఏ ప్యాకేజీ వేసుకోవాలో చెప్పాలి. ఉబుంటు ఇప్పటికే ఆ పని చేస్తోంది, కాబట్టి కుదరదనే మాట ఎవరూ అనలేరు.

ఈ తెలుగు పత్రిక చదివేవాళ్లలో టూల్స్ రాసేవాళ్లు, ప్యాకేజీలు కట్టేవాళ్లు, కాలేజీల్లో ల్యాబ్ మాన్యువళ్లు తయారుచేసేవాళ్లు ఉన్నారు. మీ టూల్‌కి పేరు ఖాయం చేసే ముందు డెబియన్, ఫెడోరా ప్యాకేజీల జాబితాల్లో ఆ పేరు వెతకండి. ల్యాబ్ మాన్యువల్‌లో కమాండ్ రాసే ముందు విండోస్, ఉబుంటు, మ్యాక్ మూడింటి మీదా నడిపి చూడండి, తేడా ఉంటే అక్కడే రాయండి. మీరు వాడే సిస్టమ్‌లో పేరు తప్పుగా ఉంటే ఎలియాస్ పెట్టుకుని ఊరుకోకుండా దాన్ని బగ్‌గా నమోదు చేయండి.